మధ్యాహ్నం రెండు గంటల నడక

నాకు జబ్బు ఉన్న సంగతి మొదట తెలిసింది కలెక్టరేట్‌లో. 2002 ఆగస్టు. పత్తి విత్తనాల మీద సమీక్ష జరుగుతోంది. ముందు వరుసలో కూర్చుని రాసుకుంటున్నాను. తల ఎత్తితే ఇద్దరు కలెక్టర్లు కనిపించారు. జిల్లా పెద్దది, ఒక్క కలెక్టరు చాలడని నెల కిందటే రాశాను. ప్రభుత్వం అంత త్వరగా స్పందిస్తుందని అనుకోలేదు.

కళ్ల డాక్టరు అద్దాలు మార్చకుండా గుంటూరు పెద్దాసుపత్రికి పంపాడు. అక్కడ నరాల డాక్టరు జక్రయ్య గారు స్కానింగ్ తీయించారు, వెన్నులోంచి నీరు తీయించారు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. ఎమ్మెస్ అంటే చాలన్నారు. బయటి నుంచి వచ్చే క్రిములతో పోరాడాల్సిన రక్షణ వ్యవస్థ నరాల మీది పొరనే తినేస్తుంది. ఒకసారి కన్ను పోతుంది, ఒకసారి కాలు పోతుంది. కొన్ని వారాలకు దానంతట అది తగ్గుతుంది. మళ్లీ వస్తుంది. పూర్తిగా పోగొట్టే మందు లేదు. దాడులు తగ్గించే మాత్రలు ఉన్నాయి, రోజూ వేసుకోవాలి. ఒళ్లు వేడెక్కితే కాళ్లు మాట వినవు కాబట్టి ఎండలో తిరగకూడదు.

"ఎండలో తిరగొద్దంటే ఎట్లాగండీ? నాది గుంటూరు" అన్నాను.

"నాదీ గుంటూరే. జబ్బుకి ఆ సంగతి తెలీదు" అన్నారాయన.

అప్పటికి పత్రికలో నాకు ఇరవై రెండేళ్ల సర్వీసు. ఒక మనిషి చెప్పింది వార్త కాదు, రెండో మనిషిని అడగాలి అనేవాణ్ణి. విశేషణం కనపడితే కొట్టేసేవాణ్ణి. కొత్తగా చేరినవాళ్లు "ఘనవిజయం" అని రాసుకొస్తే "విజయం" మిగిలేది. వెనకాల నన్ను కత్తెర సాయిబు అనుకునేవాళ్లట. తెలిసి లోపల సంతోషించాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. 1998లో సత్తెనపల్లి దగ్గర నకిలీ పత్తి విత్తనాల మీద వరసగా రాశాను. అలీ సాహెబ్ అనే రైతుకు ఆరెకరాల్లో మొక్క లేచింది కానీ కాయ పట్టలేదు. గింజలు తడిగుడ్డలో కట్టి మొలక చూసుకోలేదా, బిల్లు అడగలేదా, కంపెనీ ఎక్కడిదో తెలుసుకోలేదా అని అడిగాను. ఆయన అన్నిటికీ ఒకటే జవాబు చెప్పాడు.

"పక్క చేలో కాపు చూశానండి."

"పక్క చేను చూసి మునిగిన రైతు" అని శీర్షిక పెట్టాను. ఆ శీర్షిక బాగుందని ఆఫీసులో అన్నారు. నాకూ బాగుందనే అనిపించింది.

2007 జనవరిలో నా రెండు కాళ్లూ ఒకేసారి మొరాయించాయి. అదే వారం పోస్టులో ఒక సీడీ వచ్చింది. బస్సులో ఒక పగలంతా ప్రయాణం చేస్తే చేరే నగరంలో ఉన్న ఒక మూలకణాల చికిత్సా కేంద్రం పంపింది. ఆ కేంద్రం ఇప్పుడు లేదు, అక్కడ టైల్స్ షాపు ఉంది. సీడీలో ఒకాయన చక్రాల కుర్చీలోంచి లేచి నడుస్తాడు. పదకొండు సెకన్లు. నేను పద్నాలుగుసార్లు చూశాను. ఆయన పేరేమిటి, ఏ ఊరు, అంతకుముందు ఎలా ఉండేవాడు, ఆ తర్వాత ఏమయ్యాడు అని ఒక్కసారి కూడా అనుకోలేదు.

పద్ధతి తప్పకూడదని జక్రయ్య గారి దగ్గరికి వెళ్లాను. రోగిగా కాదు, పుస్తకం తెరిచి విలేకరిగా. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. విదేశాల్లో పరీక్షిస్తున్న పద్ధతి వేరు. రోగి మూలకణాలు ముందే తీసి దాస్తారు, గట్టి మందులతో రక్షణ వ్యవస్థను దాదాపు తుడిచేస్తారు, దాచిన కణాలతో మళ్లీ పెంచుతారు. కొందరికి మేలు కనిపిస్తోంది. కొందరు ఆ మందులకే చనిపోయారు. అది ఇంకా పరీక్షల్లోనే ఉంది. తుంటి ఎముక నుంచి మజ్జ తీసి, వడగట్టి, వెన్నులోకి ఎక్కించడం వల్ల ఎమ్మెస్ తగ్గుతుందని ఇప్పటిదాకా ఎవరూ చూపించలేదు.

కింద తేదీ వేశాను. పుస్తకం మూశాను. మర్నాడు బస్సెక్కాను.

అక్కడ మొదట మాత్రలు ఆపమన్నారు. ఆపాను. మజ్జ తీశారు, ఎక్కించారు. తర్వాత మూడు రోజులు సెలైన్‌తో పాటు ఇంకో సీసా కూడా పెట్టారు. "ఇదేంటమ్మా?" అని నర్సును అడిగాను. "బలానికి సార్" అంది. సర్వే నంబరు చెప్పందే తహసీల్దారును వదిలిపెట్టని నేను ఆ జవాబుతో తృప్తిపడి నిద్రపోయాను.

పది రోజుల తర్వాత ఆఫీసు నుంచి శంకర్‌విలాస్ సెంటరు దాకా నడిచి వెళ్లి టీ తాగాను. తిరిగి వచ్చి "నడిచాను" అనే వ్యాసం రాశాను. తర్వాత లెక్కపెట్టుకుంటే అందులో పదకొండు విశేషణాలు ఉన్నాయి. "అద్భుతం" రెండుసార్లు వచ్చింది. జక్రయ్య గారి మాటలు చివరి పేరాలో పెట్టాను.

ఆ చివరి పేరా సంగతి చెప్పాలి. స్థలం చాలకపోతే డెస్కువాళ్లు వార్తను కింద నుంచి కోస్తారు. అది తెలియని విలేకరి ఉండడు. ఆ ఆదివారం పేజీ చూసింది గీతాంజలి అనే సబ్ ఎడిటరు. ఫోను చేసింది.

"మాలిక్ గారూ, ఐదంగుళాలు ఎక్కువైంది. డాక్టరు మాటలు పైకి తీసుకురానా?"

"ఎందుకమ్మా, స్థలం లేకపోతే కింద తీసేయ్."

"కింద ఉన్నదే డాక్టరు మాటలండీ."

"తీసేయ్, ఏం పర్లేదు."

వ్యాసంతో పాటు నా ఫొటో వేశారు. ఆఫీసు మెట్ల మీద ఒక కాలు ముందుకు పెట్టి నిలబడ్డాను. ఫొటోలో నా ఎడమ చెయ్యి లేదు. అది గోడ పట్టుకుని ఉంది.

మూడు వందల ఉత్తరాలు వచ్చాయి. మా వీధి వాకర్స్ క్లబ్బు వాళ్లు సన్మానం పెట్టారు. మార్చి నెలాఖరున జరిగింది. అప్పటికి నా కాళ్లు జనవరికి మించి పాడైపోయాయి. నడకను గురించి మాట్లాడడానికి ఆటోలో వెళ్లి, శాలువా కప్పించుకుని, ఆటోలో తిరిగొచ్చాను. నాకు నయం కాలేదని రాయలేదు. రేపు తగ్గుతుందేమో, తగ్గితే రెండు వార్తలు ఎందుకని నాకు నేను చెప్పుకున్నాను. వ్యాసం వచ్చిన రెండు నెలల్లో అది చదివి అక్కడికి వెళ్లినవాళ్లు నాకు తెలిసినంతలో నలుగురు. తెలియనివాళ్ల లెక్క నా దగ్గర లేదు.

ఏప్రిల్ మూడో వారంలో ఫోను వచ్చింది. మాట్లాడినతను శివనాగరాజు. వేటపాలెం పక్క ఊళ్లో చేనేత. ఇంట్లో రెండు గుంట మగ్గాలు, ఒకటి అతనిది, ఒకటి భార్య మల్లేశ్వరిది. ఆమెకు ముప్పై ఏళ్లు, మూడేళ్లుగా ఎమ్మెస్. ఆమె కూడా జక్రయ్య గారి దగ్గరే చూపించుకుంటోంది, మాత్రలు వేసుకుంటోంది. పొద్దున పూట రెండు గంటలు నేస్తుంది, తర్వాత కాళ్లు తొక్కుడు చెక్కల మీద నిలవవు.

"మీ వ్యాసం చదివినప్పుణ్ణించి నిద్ర లేదు సార్. జూన్‌లో రమ్మన్నారు. సోమవారం నుంచి మాత్రలు ఆపమన్నారు. మంగళవారం దాని మగ్గం విప్పి ఇచ్చేస్తన్నాం, బేరం కుదిరింది. నయమైతే కొత్తది పెట్టుకోవచ్చు గదా. ఈలోపు ఒక్కసారి మిమ్మల్ని చూసి పోతాం సార్."

"నన్నెందుకు చూడడం?"

"మా మామగారు మిర్చి యార్డులో చేస్తారు సార్. మచ్చు చూడందే ఏదీ కొననివ్వరు."

అప్పుడు నేను చెప్పాల్సింది ఐదు మాటలు. మాత్రలు ఆపకండి, మగ్గం విప్పకండి, రాకండి. లెక్కపెడితే ఐదే. ఆ ఐదు మాటలూ చెప్పకుండా "ఆదివారం పొద్దున ఏడింటికి రండి" అన్నాను.

నా భార్య రహిమున్నీసా మునిసిపల్ స్కూల్లో లెక్కల టీచరు. పక్కనే ఉండి అంతా వింది.

"ఏడింటికే ఎందుకు?"

"చల్లగా ఉంటుంది, వాళ్లకి."

"వాళ్లకా!"

ఐసు నీళ్లతో స్నానం చేస్తే నాకు నలభై నిమిషాలు కాళ్లు పనిచేస్తాయని అప్పటికి కనిపెట్టాను. శనివారం నడక సాధన చేశాను. గది గుమ్మం నుంచి గేటుదాకా పద్దెనిమిది అడుగులు. నాలుగో అడుగుకి ఫ్రిజ్ అందుతుంది. ఎనిమిదికి వీధి గుమ్మం. పన్నెండుకి అందేలా మోపెడ్ జరిపించాను. పదిహేనుకి మల్లె పందిరి గుంజ. ప్రతిచోటా చెయ్యి యథాలాపంగా ఆనించాలి. ఫ్రిజ్ దగ్గర మరీ యథాలాపంగా ఆనిస్తే తలుపు తెరుచుకుని గుడ్లు కిందపడ్డాయి.

"ఉన్నమాట చెప్తే ఒక నిమిషం పని. దానికి ఇన్ని గుడ్లెందుకండీ?" అంది రహిమున్నీసా, నేల తుడుస్తూ.

ఆదివారం ఆరున్నరకు రెండు ఐసు దిమ్మెలతో స్నానం చేశాను. ఏడయింది. ఎవరూ రాలేదు. ఏడున్నరకు ఒకసారి, ఎనిమిదికి ఒకసారి మళ్లీ ఐసు నీళ్లు పోసుకుని గేటుదాకా నడిచి చూశాను. రెండోసారి బాగా నడిచాను, చూసినవాళ్లు లేరు. తొమ్మిదికి ఐసు అయిపోయింది. పదిన్నరకు కరెంటు పోయింది. పదకొండు దాటాక ఆటో ఆగింది.

ముందు దిగింది యలమందయ్య, మల్లేశ్వరి తండ్రి. మగ్గం మీద బతుకు గడవక ముప్పై ఏళ్ల కిందట గుంటూరు మిర్చి యార్డుకు వచ్చిన మనిషి. ఒక కమిషన్ కొట్టులో సరుకు చూసే పని. రైతులు తెచ్చిన మిరపకాయల బస్తాను అక్కడ టిక్కీ అంటారు. టిక్కీ మూతి దగ్గర మంచి కాయ పేర్చి, లోపల రంగు పోయిన తాలు కాయ కూరడం ఉంటుంది. అందుకని ఆయన మూతి చూడడు. పక్కన కుట్టు విప్పి, నడుములో మోచేతి దాకా చెయ్యి పెట్టి పిడికెడు తీస్తాడు. అదే మచ్చు. పొద్దున్నుంచి ఆ పని చేసి వచ్చినట్టు ఆయన పక్కన నిలబడితే తుమ్ము వచ్చింది.

తర్వాత శివనాగరాజు దిగాడు. ఆఖరున మల్లేశ్వరి, ఒక చేతిలో గొడుగు, మెడ చుట్టూ తడి తువ్వాలు. ఆటో పట్టుకోకుండా దిగింది. నేను కుర్చీలోంచే నమస్కారం చేశాను.

"ఏడింటికి రమ్మంటే ఈ ఎండలో వచ్చారే! రైలు ఆలస్యమా?" అంది రహిమున్నీసా, మంచినీళ్లు ఇస్తూ.

"లేదక్కా, తెల్లారి బండి వదిలేసి తర్వాత బండికి వచ్చాం. నేనే వద్దన్నా" అంది మల్లేశ్వరి.

"ఎందుకని?"

"ఏడింటికి రమ్మన్నారని చెప్పగానే నాకు అనుమానం వచ్చింది. మా ఇంటికి చుట్టాలొస్తామన్నా నేను ఏడింటికే రమ్మంటా. అప్పుడైతే మంచినీళ్లు నేనే తెచ్చిస్తా. పన్నెండింటికొస్తే వాళ్లే తెచ్చుకోవాల." ఆమె నా వైపు తిరిగింది. "పొద్దున ఎట్టా ఉంటారో నాకొద్దండీ. మధ్యాహ్నం రెండింటికి ఎట్టా నడుస్తారో చూసి పోతా."

"మేం టిక్కీ మూతి చూడం సాయిబు గారూ" అన్నాడు యలమందయ్య.

శివనాగరాజు సిగ్గుపడ్డాడు. "ఏమనుకోకండి సార్, వీళ్లింతే. పేపర్లో రాసిన మనిషిని పట్టుకుని..." అంటూ జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో నా వ్యాసం ఉంది, నాలుగు మడతలు. కాయితం తడవకుండా కవరు మూతి దారంతో కుట్టి ఉంది.

రెండుదాకా ఆగారు. పప్పు, దొండకాయ వేపుడు, పచ్చిపులుసు. కరెంటు రాలేదు. నేను తినలేదు, పొట్ట బరువెక్కితే నడకకు ఇబ్బందని. రహిమున్నీసా నాకు మాత్రమే వినపడేలా "పరీక్ష రోజు మా పిల్లలూ ఇంతే" అంది.

సరిగ్గా రెండింటికి యలమందయ్య వాచీ చూసుకుని లేచాడు.

"మూల మీద సోడా బండి ఉంది గదా, అందాకా పోయి రండి, చాలు."

ఎనభై అడుగులు. దారిలో ఫ్రిజ్ లేదు, మోపెడ్ లేదు.

"నేనూ వస్తా, రైల్లో కూర్చుని కాళ్లు పట్టేసినయ్" అని మల్లేశ్వరి తువ్వాలు మళ్లీ తడుపుకుంది. గొడుగు నాకు ఇవ్వబోయింది. వద్దన్నాను. నయమైన మనిషికి గొడుగెందుకు?

గేటు దాటాం. తారు రోడ్డు చెప్పుల్లోంచి కాలుతోంది. ఇరవై అడుగులు బాగానే వేశాను. ముప్పై దగ్గర ఎడమ పాదం లేవకుండా ఈడ్చుకుపోయింది. నలభై దగ్గర కుడి మోకాలు వెనక్కి వంగింది. అక్కడ కరెంటు స్తంభం ఉంది. పట్టుకున్నాను.

"ఆగారేమండీ?" అంది మల్లేశ్వరి.

"ఈ స్తంభం వంగింది చూడమ్మా. ఎవరి మీదైనా పడితే ప్రమాదం. రేపు వార్త రాయాలి."

ఆమె గొడుగు పక్కకు తీసి స్తంభాన్ని కింద నుంచి పైదాకా చూసింది.

"నిటారుగానే ఉందండీ" అంది. "మీరుండండి, వస్తా."

ఆమె మెల్లగా నడుస్తుంది. కుడికాలు కొంచెం ఎడంగా వేస్తుంది. సోడా బండిదాకా వెళ్లింది, రెండు సోడాలు కొట్టించింది, ఒకటి తాగింది, ఒకటి పట్టుకుని తిరిగి వచ్చింది. అప్పటికి నేను స్తంభం దగ్గర లేను. స్తంభం కింద ఉన్నాను. కూలబడ్డానని రాయొచ్చు. మోకాళ్లు వాటంతట అవి ముడుచుకున్నాయి, ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది.

"తాగండి" అంది. తువ్వాలు తీసి నా తల మీద వేసింది.

అరుగు మీద నుంచి యలమందయ్య గొంతు వీధంతా వినపడింది. "ఒరే అల్లుడూ, మచ్చు కంటే సరుకే నయంగా ఉందిరా!"

మామా అల్లుళ్లు వచ్చి నన్ను చెరో రెక్క పట్టుకుని లోపలికి తెచ్చారు. దారిలో శివనాగరాజు "నిన్న జ్వరమేమన్నా వచ్చిందా సార్?" అని అడిగాడు. నాకు తప్పించుకునే దారి చూపించింది అతనొక్కడే. ఆ దారిన వెళ్లడానికి నోరు తెరిచాను కూడా. తలుపు దగ్గర రహిమున్నీసా నిలబడి ఉంది. నోరు మూశాను.

మల్లేశ్వరి నా ఎదురుగా కుర్చీ లాక్కుంది. ఆ తర్వాత ఆమె అడిగినట్టు నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

"మాత్రలు ఏ రోజు ఆపారు?"

"జనవరి ఇరవై తొమ్మిది."

"ఎక్కించింది?"

"ముప్పై ఒకటి."

"నడిచింది?"

"ఫిబ్రవరి పది. ఇరవై అయిదున పేపర్లో వచ్చింది."

"మళ్లీ ఎప్పుడు పోయినయ్?"

"మార్చి పదిహేను."

"ఎక్కించాక ఇంకేమన్నా పెట్టారా?"

"మూడు రోజులు ఒక సీసా పెట్టారు."

"ఏం సీసా? నాకు కన్ను పోయినప్పుడు పెద్దాసుపత్రిలో మూడు రోజులు స్టెరాయిడ్ పెడితే పది రోజుల్లో వచ్చింది. అదేనా?"

"తెలీదమ్మా."

"అడగలేదా?"

"బలానికి అన్నారు."

"పేపరాయన గదండీ మీరు!"

శివనాగరాజు లేచి నిలబడ్డాడు. అప్పటిదాకా సార్ సార్ అన్న మనిషి. "మరైతే ఎందుకు రాశారండీ? మార్చిలో పోయినయ్ అంటన్నారు, ఇది ఏప్రిల్. నెల్లాళ్లు ఏం చేస్తన్నారు? నేను దీన్ని ఇరవై మందికి జిరాక్స్ తీసి పంచా. మా ఊళ్లో సొసైటీ గోడకి అంటించా. రేపు ఇది మాత్రలు ఆపేసేది. ఎల్లుండి మగ్గం పోయేది. దాని కాళ్లు పోతే నన్ను నేను ఏమనుకోవాలండీ?"

కవరు నా ఒళ్లో పడేశాడు.

లోపల అల్మరాలో ఉన్న నోటు పుస్తకం తెమ్మని రహిమున్నీసాకు చెప్పాను. జక్రయ్య గారి మాటలు చదివి వినిపించాను, తేదీతో సహా.

"గట్టి మందులిచ్చి తుడిచి మళ్లీ పెంచేదంటే కొత్త పడుగు వేసినట్టన్నమాట" అంది మల్లేశ్వరి. "ఇక్కడ చేసింది పాత పడుగు మీద గంజి చల్లినట్టు."

"డాక్టరు గారికి ఈ పోలిక చెప్తాను."

"ఆయన చెప్పిన మాటలు పేపర్లో లేవే? నేను మూడుసార్లు చదివా."

"స్థలం లేక పోయింది."

"స్తంభం వంగినట్టా?"

రహిమున్నీసా నవ్వింది. తర్వాత యలమందయ్య నవ్వాడు. శివనాగరాజు నవ్వలేదు. నేను డెస్కువాళ్లు కింద నుంచి ఎలా కోస్తారో, నేను ఆ పేరా కిందే ఎందుకు పెట్టానో చెప్పాను. ఇరవై ఏడేళ్ల సర్వీసులో ఆ సంగతి బయటివాళ్లకు చెప్పడం అదే మొదలు.

"మా రైతులూ అంతే సాయిబు గారూ. తాలు ఎక్కడ పెట్టాలో వాళ్లకి తెలుసు" అన్నాడు యలమందయ్య. తిట్టినట్టు అనలేదు. వృత్తి గురించి మాట్లాడినట్టు అన్నాడు.

వెళ్లేటప్పుడు మల్లేశ్వరి గేటు దగ్గర ఆగింది.

"నేను మాత్ర మానను. మగ్గం బేరం ఈయన వద్దని చెప్తాడు. సొసైటీ గోడ మీద కాయితం చింపుతాం. మిగతా ఊళ్లలో అంటించినవి మేం చింపలేం, అది మీ పని. రాయండి. పైన రాయండి, కింద రాస్తే పోద్దంటగా."

సోమవారం పొద్దున రాయడం మొదలుపెట్టాను. శీర్షిక "నడవలేదు". మొదటి వాక్యం జక్రయ్య గారిది. రెండోది ఆ సీసా గురించి. ఆ కేంద్రానికి ఫోను చేసి అందులో ఏం మందని అడిగాను. మూడు రోజులు అడిగాను. "సార్ మీటింగ్‌లో ఉన్నారు" అన్నారు. అదీ రాశాను. స్తంభం సంగతి రాశాను. మొత్తం వ్యాసంలో ఒక్క విశేషణం లేదు, చివరి పేరాలో తప్ప. ఆ పేరా రాసింది, తప్పు ఒప్పుకోవడానికి ఎంత ధైర్యం కావాలో, ఈ వృత్తిలో అది ఎంత అరుదో అనే విషయం మీద.

గీతాంజలి ఫోను చేసింది. "చదివాను మాలిక్ గారూ. ఆదివారం అదే చోట వేస్తాం. కానీ ఐదంగుళాలు ఎక్కువైంది."

ఆదివారం పేపరు తెరిచాను. జక్రయ్య గారి మాటలు పైన అలాగే ఉన్నాయి. సీసా ఉంది, స్తంభం ఉంది. నా ధైర్యం గురించిన పేరా లేదు. అది ఉండాల్సిన చోట "నీటిని పొదుపుగా వాడండి" అని బాక్సు కట్టి వేశారు. దాని కింద ఇంకా అరంగుళం ఖాళీ ఉంది.

ఆ వారం అరవై ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువ తిట్లే. వెళ్లిన నలుగురిలో ఇద్దరు ఫోను చేశారు. ఒకాయన తనకు ఎక్కించిన తేదీ చెప్పి పెట్టేశాడు. జూన్‌లో వెళ్లాల్సిన వాళ్లు ఆరుగురు ఆగిపోయామని రాశారు. ఒకామె ఆగనని రాసింది, నా ఒంటితత్వం వేరు, తన ఒంటితత్వం వేరట. వాకర్స్ క్లబ్బు వాళ్లు శాలువా వెనక్కి అడగలేదు. పంపిస్తే తీసుకున్నారు.

నేను పెద్దాసుపత్రికి వెళ్లాను. జక్రయ్య గారు పేపరు చదివారో లేదో ముఖంలో తెలియలేదు.

"విలేకరిగా వచ్చారా, రోగిగా వచ్చారా?"

"రోగిగా అండీ."

"అయితే ఈసారి రాసుకోవద్దు, వినండి" అని మాత్రలు రాసిచ్చారు. పోగొట్టుకున్నది అంతా తిరిగి వస్తుందని చెప్పలేనన్నారు. కొత్తగా పోకుండా చూద్దామన్నారు.

మల్లేశ్వరి మగ్గం గుంటలోనే ఉంది. తొక్కుడు చెక్కల ఎత్తు శివనాగరాజు మార్చాడట, పాదం ఎక్కువ లేపనక్కర్లేకుండా. పొద్దున రెండు గంటలు నేస్తుంది. మిగతా పొద్దు కూర్చుని నూలు కండెలు చుడుతుంది. వారానికోసారి ఎనిమిదింటికి నాకు ఫోను చేసి "నేను మాత్ర వేసుకున్నా. మీరు?" అని అడుగుతుంది. వేసుకున్నానంటాను. ఆమె వెంటనే నమ్మదు. ఫోను రహిమున్నీసాకు ఇమ్మంటుంది.

యలమందయ్య కూడా వస్తుంటాడు. యార్డుకు సెలవైతే ఆదివారం సరిగ్గా మధ్యాహ్నం రెండింటికి గేటు చప్పుడవుతుంది. మంచినీళ్లు తాగి, వీధిలోకి చూసి, "ఏం సాయిబు గారూ, ఒకసారి పోయొద్దామా?" అంటాడు. కర్ర తీసుకుని బయల్దేరతాను. గొడుగు ఆయన పడతాడు. కిందటి వారం స్తంభం దాటి తొమ్మిది అడుగులు వేశాను. అంతకు ముందు వారం స్తంభం దగ్గరే ఆగాను. ఇప్పటిదాకా ఆయన పొద్దున ఏడింటికి ఒక్కసారి కూడా రాలేదు.